మూడో వెలుగు

యంత్రాన్ని దించడానికి యజమాని ఒప్పుకోని నేలలోకి మనుషులను దించాలంటే ఎవరి ఒప్పుదల తీసుకోవాలి?

సోమవారం మధ్యాహ్నం, అచ్యుతాపురం అవతల, మూతపడిన రాతి క్వారీ కింద, నేలను పరీక్ష చేయడానికి వచ్చిన గౌరీశ్వరి ఈ మాట అడిగింది. సైటు ఇంజనీరు నాగవంశీ హెల్మెట్ తీసి, లోపలి పట్టీకి అంటిన చెమటను బొటనవేలితో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"జేసీబీ ఓనరు బండి పంపనన్నాడండి. కింద క్వారీవాళ్ళ పాత పేలుడు మందు ఉందని ఎవడో చెవిలో ఊదాడు. బండికేమన్నా అయితే ఇన్సూరెన్స్ రాదంట. మీ పరీక్షలో ఏమీ లేదని కాగితం వస్తే పొద్దున్నే బండి దిగుద్ది. అందాకా ఖాళీగా ఉండలేం కదండీ. శుక్రవారం నుంచి మనుషులతో మొదలెట్టమన్నారు మావాళ్ళు."

"బండికేమన్నా అయితే సరే. మనుషులకేమన్నా అయితే?"

"మీరు మరీనండి," అని నవ్వేసి, గిడ్డంగికి పునాది గుర్తులు పెట్టిన మేకుల వైపు నడిచాడు.

తవ్వకానికి తెచ్చిన నలుగురు మనుషులూ పొద్దుటి భూమిపూజ షామియానా కింద కూర్చుని అన్నం తింటున్నారు. నలుగురూ ఆడవాళ్ళే. గునపాలు, పారలు, ఇనుప తట్టలు వాళ్ళ పక్కనే వరసగా పెట్టి ఉన్నాయి. వాళ్ళలో పెద్దది వరహాలమ్మ. చిన్నదాన్ని అందరూ చంటి అంటారు. గౌరీశ్వరి ఐసుపెట్టె మూత తీయగానే చంటి చెయ్యి కడుక్కోకుండానే వచ్చి తొంగి చూసింది.

"ఏటమ్మా ఇవి? సగ్గుబియ్యమా?"

చూడటానికి నానబెట్టిన సగ్గుబియ్యమే. సముద్రపు నాచు నుంచి తీసిన జిగురులో సూక్ష్మజీవులను కలిపి, సిరంజి మొన నుంచి సున్నపు లవణం నీళ్ళలోకి చుక్క చుక్కగా వదిలితే, పడ్డ చుక్క పడ్డట్టే పూసగా గట్టిపడుతుంది. గోపాలపట్నంలో మందుల దుకాణం పై అంతస్తులోని ప్రయోగశాలలో గౌరీశ్వరి మూడు రోజులు చేసిన పని అదే. చుక్కకూ చుక్కకూ మధ్య చెయ్యి ఒకే తీరున ఆడాలి. తొందరపడితే పూసకు తోక వస్తుంది. తోక వచ్చిన పూసలను ఆమె ఏరి పారేస్తుంది. ఆ సంగతి ఎవరూ అడగరు, ఆమె ఎవరికీ చెప్పదు.

"వీటిలో బతికున్న సూక్ష్మజీవులున్నాయి. కింద మందు పాతిపెట్టి ఉంటే దాని ఆవిరి మట్టిలోంచి కొద్దికొద్దిగా పైకి వస్తుంది. అది తగిలితే ఇవి కొన్ని గంటలకు వెలుగు పట్టుకుంటాయి. నీలం దీపం వేసి చూస్తే కనబడుతుంది."

"పురుగులా?" చంటి ఒక అడుగు వెనక్కి వేసింది. "కరుత్తాయేటి?"

"కరిసినా మన మేస్త్రీ కన్నా ఎక్కువ కరుత్తాయేటే?" అంది వరహాలమ్మ. నలుగురూ నవ్వారు. దూరాన మేస్త్రీ తల తిప్పి చూశాడు.

ఎండ దిగాక పని మొదలైంది. నేల మీద కాలు పెట్టకూడదు కనక చెక్క పలకలు వంతెనలా వేసుకున్నారు. పూసలు చల్లడానికి తెచ్చిన పిచికారీ యంత్రం మూడో వరసలోనే మూసుకుపోయింది. గౌరీశ్వరి మూతి విప్పింది, ఊదింది, కడిగింది. పూసలు మళ్ళీ ముద్దకట్టాయి. వరహాలమ్మ కాసేపు చూసి, పలక చివరికి వచ్చి నిలబడింది.

"నువ్వులెలగ సల్లుతారో ఎరగవా నువ్వు? ఇసకలో కలిపి సల్లుతారు. ఉత్తినే సల్లితే ఒకసోటే పడిపోతాయి."

గౌరీశ్వరికి తెలుసు. మాడుగుల దగ్గర వాళ్ళ అయ్య అలాగే చల్లేవాడు. ఆఫీసులో ఊరి యాసలో 'నాను' అనడం మానేసినట్టే ఆ సంగతినీ ఎక్కడో పెట్టేసింది. జల్లించిన తడి ఇసక తెప్పించి పూసలు కలిపింది. వరహాలమ్మ చీర కుచ్చెళ్ళు బిగించి, తట్ట నడుముకు ఆనించుకుని, పిడికిలి తెరిచీ తెరవకుండా మణికట్టు మీద విసిరింది. పూసలు గాలిలో విసనకర్రలా విచ్చుకుని సమంగా పడ్డాయి. పలక మీద ఆమె అడుగు, విసురు, అడుగు, విసురు. ఒక్క చోట కూడా చెయ్యి తడబడలేదు. ప్రపంచంలో ఎక్కడో పెద్ద చదువులు చదివినవాళ్ళు కనిపెట్టిన పద్ధతిని ఆ సాయంత్రం ఆ నేల మీద పనిచేయించింది ఆమె మణికట్టు. నివేదికలో ఆమెకు చోటు లేదు. ఉపకరణాల కింద 'పిచికారీ' అని ఉంటుంది.

చల్లడం అయిన వెంటనే తీసే ఫొటోకు సున్నా గంట చిత్రం అని పేరు. నల్లగుడ్డ కప్పిన కెమెరా పెట్టెను వెదురు గడ చివర కట్టి, పలకల మీద నుంచి నేల పైకి చాపి, నీలం దీపం వేసి, నేలను గడులుగా లెక్కపెట్టుకుని గడి గడికీ ఒక ఫొటో. సూక్ష్మజీవులు ఇంకా ఏమీ పసిగట్టి ఉండవు కనక సున్నా గంటలో అంతా నల్లగానే ఉండాలి.

నల్లగా లేదు. ఈశాన్య మూలలో రెండు చోట్ల పచ్చని మరకలు కనబడ్డాయి. గౌరీశ్వరి గుడ్డ కింద నుంచి తల బయటికి తీసి అటు చూసింది. కొబ్బరిచిప్పలు, నలిగిన బంతిపూలు, మేకు చుట్టూ ఎండిన పసుపు ముద్ద. పసుపు నీలం దీపం కింద పచ్చగా మెరుస్తుంది. పొద్దున్న పురోహితుడు పసుపునీళ్ళు చల్లిన సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. పరీక్షకు ముందు నేల మీద ఏమీ చల్లకూడదని పంపిన కాగితంలో రసాయనాల పేర్లు పద్దెనిమిది ఉన్నాయి. పసుపు లేదు. ఆ కాగితం తయారుచేసింది తానే. ఆ రెండు మరకలనూ గడుల పటం మీద గుర్తుపెట్టి, పక్కన 'పసుపు' అని రాసి, టైము వేసి సంతకం చేసింది.

*

మంగళవారం తెల్లవారకముందే మళ్ళీ గడ చాపింది. ఈశాన్య మూలలో రెండు మరకలు అలాగే ఉన్నాయి. వాటికి ఎనిమిది అడుగుల పడమట, పూజ జరిగిన జాగాకు బయట, మూడో వెలుగు ఉంది. విస్తరాకంత. నడుమ చిక్కగా, అంచులకు పోను పోను పలచగా. పసుపు మరకలా అంచు తెగినట్టు లేదు. మట్టిలోంచి ఊరి వచ్చినట్టుంది.

మొదటిసారి గడ కదిలిపోయింది. చిత్రం అలుక్కుపోయింది. గడను పలకకు ఆనించి మళ్ళీ తీసింది.

పదిన్నరకు గోపాలపట్నంలో, ప్రయోగశాల నడిపే డాక్టర్ శ్రీరామ్మూర్తి కంప్యూటర్ ముందు కూర్చుని ఆ చిత్రాన్ని చాలాసేపు చూశాడు. ఈ సూక్ష్మజీవులకు వాసన పట్టడం నేర్పడానికి ఆయన తన జీవితంలో తొమ్మిదేళ్ళు పెట్టాడు. డబ్బిచ్చి ఈ పరీక్ష చేయించుకుంటున్న మొదటి సంస్థ ఈ గిడ్డంగులవాళ్ళే.

"పసుపేనమ్మా," అన్నాడు చివరికి. "భూమిపూజ చేశారు కదా. మూడు చోట్ల చల్లి ఉంటారు."

"సున్నా గంటలో రెండే ఉన్నాయండి."

"సున్నా గంట చిత్రం మసకగా ఉంది."

"ఆ గడి మసకగా లేదండి. చూడండి, గులకరాళ్ళు కూడా లెక్కపెట్టవచ్చు. పసుపైతే చల్లిన క్షణం నుంచే కనబడాలి. రాత్రికి రాత్రి మొలకెత్తదు కదండీ."

శ్రీరామ్మూర్తి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన చెడ్డవాడు కాడు. ఎండాకాలం ప్రయోగశాలలో కరెంటు పోతే తన ఇంటి ఫ్రిజ్‌లోని సామానంతా బయట పెట్టి పూసలను దాచినవాడు. ఆయన నేర్పిన జీవి నేర్చినట్టే పనిచేసింది. అది పనిచేసిన పొద్దునే ఆయన దాన్ని అబద్ధమంటున్నాడు.

"ఇది నిజమని రాస్తే ఏమవుతుందో తెలుసా? వాళ్ళు పోలీసులకు చెప్పాలి. పోలీసులు స్థలం సీలు చేస్తారు. ఆర్నెల్లో, ఏడాదో. ఆ తరవాత ఈ జిల్లాలో ఎవరైనా మన చేత పరీక్ష చేయిస్తారా? ఏమీ లేదని చెప్పించుకోవడానికే మనల్ని పిలుస్తారమ్మా, ఉందని చెప్పించుకోవడానికి కాదు."

"మరి ఉంటే, సార్?"

ఆయన కిటికీలోంచి కింద రోడ్డును చూశాడు. కొత్తవలస బస్సు ఆటోలను తప్పించుకుంటూ హారన్ కొడుతోంది.

"ఖాళీ పూసలు వేసి చూస్తాను," అంది గౌరీశ్వరి. "రెండు రోజులు ఇవ్వండి. పసుపైతే నేనే పసుపని రాస్తాను."

*

ఖాళీ పూసలంటే అదే జిగురు, అదే జాతి సూక్ష్మజీవి. వాసన పట్టే విద్య మాత్రం నేర్పనిది. మూడో చోట పాత పూసలను పొడుగాటి పట్టకారుతో ఏరి తీసి, సగం జాగాలో నేర్చిన పూసలు, సగంలో ఖాళీ పూసలు పరవాలి. రెండు సగాలూ వెలిగితే ఆ వెలుగు నేల మీద పడ్డదేదో. నేర్చిన సగమే వెలిగితే అది నేల కింది నుంచి వచ్చింది.

బుధవారం సాయంత్రం పలక మీద బోర్లా పడుకుని గౌరీశ్వరి ఆ పని చేసింది. పూసలు ఒక్కొక్కటే పెట్టింది. మోచేతులు చెక్కకు ఒరుసుకుని దోక్కుపోయాయి. మొహానికి రెండు మూరల దూరంలో ఆ నేల. వర్షాకాలంలో మొలిచి ఎండిన గడ్డి, ఒక చీమల బారు, పాత రాతిపొడి. ఇక్కడ పేలకుండా మిగిలిపోయిన మందును ఆ రోజుల్లో గోతిలో కప్పెట్టి పోయేవారని వరహాలమ్మ మధ్యాహ్నం చెప్పింది. ఆమెకు ఎవరో చెప్పారట. క్వారీ మూసిన రోజున మిగిలిన సరుకు ఏమైందో ఏ ఆఫీసు కాగితంలోనూ లేదని నాగవంశీ అన్నాడు. ఇద్దరూ ఒకే సంగతి చెప్పారు.

"గట్టున పడ్డ సేపలా తిప్పుకోకమ్మా ఒల్లు," అంది వరహాలమ్మ వెనక నుంచి, పలక కదలకుండా దాని చివర కూర్చుని. "జారీసేవంటే నిన్నెత్తీవోలు నేరు."

"నువ్వు లేచి వెళ్ళిపో. ఇక్కడుండకూడదు."

"లెగిస్తే పలక తేలిపోద్ది."

గురువారం తెల్లవారుజామున నేర్చిన సగం వెలిగింది. ఖాళీ సగం నల్లగా ఉంది. రెంటి మధ్య గీత కత్తితో కోసినట్టుంది. పోల్చి చూడటానికి ఈశాన్య మూల పసుపు మీద కూడా పరిచిన రెండు రకాల పూసలూ ఒక్కలాగే మెరిశాయి.

శ్రీరామ్మూర్తి చిత్రాన్ని పెద్దది చేశాడు. తన మునివేళ్ళతో తెర మీది ఆ గీతను ఒకసారి తడిమాడు. ఆ క్షణాన ఆయన మొహంలో తొమ్మిదేళ్ళ సంతోషం కనబడింది, వెంటనే పోయింది.

"సరే. మూడో చోటును నివేదికలో పెడతాను," అన్నాడు. "నువ్వు చెప్పినట్టే."

గౌరీశ్వరి రెండేసి మెట్లు దిగింది. కింద దుకాణంలో దోక్కుపోయిన మోచేతులకు మందు కొనుక్కుంది. గెలిచాననుకుంది.

*

నివేదిక సాయంత్రం నాలుగుకు ఆమె బల్ల మీదికి వచ్చింది. పరీక్ష చేసినవారి సంతకం కోసం. ఆయన మాట తప్పలేదు. మూడో చోటు ఉంది. గడి సంఖ్య ఉంది. చిత్రం ఉంది. 'పేలుడు పదార్థం ఉండే అవకాశం అధికం' అని ఉంది. దాని కింద, సిఫార్సుల్లో, ఇలా ఉంది: 'ఈ గడి చుట్టూ పది మీటర్ల వరకు యంత్రాల అదురు ప్రమాదకరం. యంత్రాలను వాడరాదు. చేతి పనిముట్లతో, జాగ్రత్తగా, మనుషులచే తవ్వించవలెను.'

రెండోసారి చదివింది. ఒక్క అక్షరం అబద్ధం లేదు. అదురు ప్రమాదకరమే. పసుపని రాసి ఉంటే కాగితం చూసి జేసీబీ దిగేది. డ్రైవరు ఇనుప గదిలో, నేలకు ఆరడుగుల ఎత్తున కూర్చునేవాడు. తాను రెండు రోజులు పోట్లాడి నిజం రాయించింది. ఆ నిజం పుణ్యాన వరహాలమ్మ గునపం పట్టుకుని సరిగ్గా ఆ విస్తరాకంత వెలుగు మీద నిలబడాలి.

"ఇదేమిటి సార్?"

"నియమాల ప్రకారమే రాశాను."

"మందు తీసే పోలీసు దళాన్ని పిలవాలని కదా రాయాలి?"

"గిడ్డంగులవాళ్ళకు నోటిమాటగా చెప్పాను. చూస్తామన్నారు." ఆయన గొంతు తగ్గింది. "కాగితం మీద రాస్తే కాగితమే తీసుకోరమ్మా. వాళ్ళకు పని ఆగకూడదు, మనం అబద్ధం రాయకూడదు. రెండూ కుదిరేలా రాశాను. సంతకం పెట్టు. రేపు పొద్దున్న నువ్వే ఇచ్చిరావాలి."

గౌరీశ్వరి సంతకం పెట్టలేదు, పెట్టనని చెప్పనూ లేదు. కాగితాలు సంచిలో పెట్టుకుంది. బస్సులో చివరి పేజీ తీసింది. అందులో ఒక పట్టిక ఉంది: ప్రమాద పరిధిలోని ఆస్తులు. ప్రహరీ గోడ, పద్దెనిమిది మీటర్లు. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్, ఇరవై రెండు. మంచినీటి పైపు, ముప్పై ఒకటి. కాపలాదారు గది, నలభై. గది ఉంది. కాపలాదారు లేడు. అడుగున నాలుగు వరసలు ఖాళీగా ఉన్నాయి. పేజీలో ఇంకా జాగా ఉంది.

*

శుక్రవారం ఎనిమిదింటికి ఆ నలుగురూ గునపాలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. గౌరీశ్వరి నేరుగా వాళ్ళ దగ్గరికి వెళ్ళింది.

"వరాలమ్మా, కింద మందుంది. నాను సూసేను. రెండు సార్లు సూసేను."

తన నోట 'నాను' అన్న మాట విని తానే ఉలిక్కిపడింది. వరహాలమ్మ మాత్రం ఉలిక్కిపడలేదు.

"ఉంటాదని మాకూ తెలుసు. మరేటి సేమంటావ్? మేం దిగం అంటే రేపు ఇంకో నలుగుర్ని తెత్తారు. ఆలు మాకంటే ఎర్రిబాగులోలు. కూలి మాకు పోద్ది, పేనం ఆలకు పోద్ది." గునపాన్ని రెండో చేతిలోకి మార్చుకుంది. "నువ్వు సదువుకున్నావు కదా. నువ్వు సెప్పు, ఏది మంచిది?"

గౌరీశ్వరి వాళ్ళ ఎదురుగా కూర్చుంది. సంచిలోంచి చివరి పేజీ తీసి అట్ట మీద పెట్టింది.

"మీ పేర్లు సెప్పండి. ఇంటిపేర్లతో."

"పేర్లెందుకమ్మా?" అంది చంటి. "హాజరు మస్టర్లో ఉంటాయి కదా."

"మస్టర్లో 'ఆడ, నాలుగు' అని ఉంటాదే గుంటా," అంది వరహాలమ్మ. కాసేపు కాగితం వైపు చూసింది. ఆమెకు చదువు రాదు. గోడ, ట్రాన్స్‌ఫార్మర్, పైపు అని గౌరీశ్వరి చదివి వినిపించింది. పైపు దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. వరహాలమ్మ నవ్వలేదు.

"రాయి. బొట్టా వరహాలమ్మ."

"పిల్లా ఎర్నమ్మ."

"గనగళ్ళ పద్మావతి."

"చంటి అని రాసీయండి, సాలు."

"సాలదు," అంది వరహాలమ్మ. "బడిలో ఏ పేరుండేదో అది సెప్పు."

"కర్రి ఆశాజ్యోతి," అంది చంటి, ఎవరి పేరో చెబుతున్నట్టు మెల్లగా.

గౌరీశ్వరి నాలుగు పేర్లూ ఆస్తుల పట్టికలో, కాపలాదారు గది కింద, ఇంకుతో, గుండ్రంగా, ఒక్కొక్క వరసలో రాసింది. పక్కన 'దూరం' అన్న గడి ఉంది. కలం ఆగింది. తరవాత నాలుగు చోట్లా ఒకే మాట రాసింది: గునపం పొడవు. అడుగున సంతకం పెట్టింది. ఫొటో తీసి, తవ్వకం మొదలవుతున్న గంటా నిమిషమూ రాసి, జిల్లా పోలీసు కంట్రోల్ రూముకూ, కార్మిక శాఖకూ, శ్రీరామ్మూర్తికీ ఒకేసారి పంపింది. పంపాక ఫోను జేబులో పెట్టుకుంది. రేపటి నుంచి తనకు ఉద్యోగం ఉండదని ఆమెకు తెలుసు. ఆ ఆలోచన అనుకున్నంత పెద్దగా లేదు.

నాగవంశీ కాగితం అందుకుని మొదటి పేజీ చూసి తలూపాడు. రెండో పేజీకి తలూపాడు. చివరి పేజీ దగ్గర ఆగాడు. హెల్మెట్ తీశాడు. ఈసారి తుడుచుకోలేదు.

"ఇదేంటండీ మేడమ్? మనుషుల పేర్లెందుకండీ ఇందులో?"

"ప్రమాద పరిధిలో ఉన్నవన్నీ రాయమని కదా పట్టిక?"

"అది కాదండి." అతను కాగితాన్ని తనకు దూరంగా పట్టుకున్నాడు. "పేర్లుంటే రేపేదన్నా అయినప్పుడు, తెలిసి దింపినట్టవుద్ది కదండీ."

ఆ మాట తన నోటినుంచే వచ్చిందని అతనికి ఒక నిమిషం తరవాత తట్టింది. నలుగురు ఆడవాళ్ళూ అతన్నే చూస్తున్నారు. అతనికి పాతికేళ్ళుంటాయి. చెవులు ఎర్రబడ్డాయి.

"నేను దీన్ని తీసుకోలేనండి," అని కాగితాన్ని మళ్ళీ గౌరీశ్వరి చేతిలో పెట్టాడు. మేస్త్రీ వైపు తిరిగి, ఎవరూ నేల మీదికి దిగొద్దని కేకేశాడు. ఫోను తీసుకుని ప్రహరీ గోడ దాకా నడిచి, అక్కడ వీపు తిప్పి మాట్లాడటం మొదలుపెట్టాడు.

వరహాలమ్మ గునపం కింద పెట్టలేదు. "ఇయ్యాల కూలి?" అంది, ఎవరినీ కాకుండా. మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఆ నలుగురూ ఎండలో అలాగే కూర్చున్నారు. గౌరీశ్వరి వాళ్ళ పక్కన కూర్చుంది.

ఆ రోజు తవ్వలేదు. అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు. సాయంత్రానికి ఒక పోలీసు జీపు వచ్చి, గేటు బయట ఆగి, ఎవరితోనో మాట్లాడి వెళ్ళింది. ఆస్తుల పట్టికలో నిర్జీవమైన ఆస్తులను మాత్రమే చేర్చవలెనని నిబంధన పెట్టి గిడ్డంగుల సంస్థ సోమవారానికి కొత్త నమూనా తయారుచేయిస్తోంది. అందులో అడుగున పేర్లు రాయడానికి ఖాళీ వరసలుండవు.

సోమవారం ఇంకా రాలేదు. ఈ కథను ఇక్కడ మడిచి పక్కన పెట్టకండి. కథలో పైకి వెళ్ళి ఆ నాలుగు పేర్లూ వెతకండి. ఇంటిపేర్లతో సహా, పక్క గదిలోకి వినబడేటంత గట్టిగా, ఒక్కొక్కటే చదవండి.